రెండో క్లాస్ పాప నోట్‌బుక్‌లు సగం ఖాళీ. స్కూల్లో అసలు ఏం నేర్పుతున్నట్టు?

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. విజయవాడ నుంచి బెంగళూరు వచ్చి ఏడాదైంది. పాప వైట్‌ఫీల్డ్ వైపు ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో రెండో క్లాస్. నోట్‌బుక్‌లు సగం ఖాళీ, హోంవర్క్ లేదు. ఏం చేశారని అడిగితే "పూసలు లెక్కపెట్టాం, పాట పాడాం" అంటుంది. అక్కడ మీ బావగారి అబ్బాయి అదే వయసులో 12వ ఎక్కం అప్పజెబుతున్నాడు, కలిపి రాత రాస్తున్నాడు. ఇక్కడ పైనుంచి కన్నడ ఒకటి. ఈ వయసు పిల్లలు ఏ సబ్జెక్టులో ఏం నేర్చుకోవాలి, స్కూల్ మార్చాలా అని మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. నోట్‌బుక్ ఖాళీగా ఉందని స్కూల్ మార్చకండి. అలాగని పాటలు పాడుతోంది కదా అని నిశ్చింతగానూ ఉండకండి. ఈ ఆదివారం పాపను పది నిమిషాలు కూర్చోబెట్టి మూడు పనులు చేయించండి. ఎప్పుడూ చూడని చిన్న కథ ఒకటి చదివించి, ఏం జరిగిందో తెలుగులో చెప్పమనండి. 43 అని రాసి, ఇందులో 4 అంటే ఎంత అని అడగండి. మన కుళాయిలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి అని అడగండి. తప్పో ఒప్పో తన మాటల్లో ఏదో ఒకటి చెప్పుకొచ్చిందంటే స్కూల్ తన పని చేస్తోంది. మూడింటికీ నోరు పెగలకపోతే అప్పుడు ఆలోచించాలి.

నా గురించి రెండు ముక్కలు. మాది హిందూపురం దగ్గర. బెంగళూరులో 21 ఏళ్లుగా ప్రైమరీ టీచర్ని. స్టేట్ సిలబస్‌లో ఎనిమిదేళ్లు, మిగతాది సీబీఎస్‌ఈలో. ఇప్పుడు ఒకటి నుంచి అయిదు తరగతులు చూసుకుంటున్నాను. మీ ప్రశ్న ప్రతి జూన్‌లోనూ కనీసం పదిమంది తెలుగు తల్లిదండ్రులు అడిగేదే, కాబట్టి మీరేదో ఎక్కువ ఆలోచిస్తున్నారని అనుకోకండి.

కాగితం మీద లెక్క ఏమిటో ముందు చూద్దాం. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం మూడేళ్ల వయసు నుంచి రెండో క్లాస్ దాకా అంతా ఒకే దశ. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాడే స్కూళ్లలో ఒకటి, రెండు తరగతులకు రెండు భాషలూ లెక్కలూ, అంతే. పరిసరాల విజ్ఞానానికి వేరే పుస్తకం మూడో క్లాస్‌లో మొదలవుతుంది. ఆ లోపు చెట్టూ చేమా, ఇల్లూ వాకిలీ అన్నీ భాషా పాఠాల్లోనే వస్తాయి. ఐసీఎస్‌ఈ స్కూళ్లు చాలావరకు మూడో క్లాస్ నుంచే సైన్స్, సోషల్ విడదీస్తాయి. అందుకే మీ అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పిల్లల బ్యాగులు తెరిస్తే రెండు రకాలుగా ఉంటాయి. అన్నట్టు బ్యాగ్ అంటే గుర్తొచ్చింది, కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో క్లాస్ దాకా హోంవర్క్ వద్దనే ఉంది. మీ స్కూల్ ఇవ్వకపోవడం బద్ధకం వల్ల కాదు.

ఎంత వస్తే చాలు అన్నదానికి కూడా లెక్క ఉంది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో తరగతివారీగా లక్ష్యాలు పెట్టారు. ఒకటో క్లాస్ చివరికి 99 దాకా అంకెలు చదివి రాయగలగడం, నాలుగైదు మాటల చిన్న వాక్యాలు చదవగలగడం. రెండో క్లాస్ చివరికి 999 దాకా అంకెలు, 99 లోపు తీసివేతలు, కొత్త పాఠం ఇస్తే నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవడం. మూడో క్లాస్ చివరికి 9999 దాకా అంకెలు, చిన్న గుణకారం లెక్కలు, నిమిషానికి కనీసం 60 మాటలు. ఇంతే. మీ బావగారి అబ్బాయి 12వ ఎక్కం ఇందులో ఎక్కడా లేదు. వస్తే మంచిదే, రాకపోతే కొంపేమీ మునగదు.

ఇక్కడ ఒక మాట గమనించండి, "అర్థం చేసుకుంటూ". నా అనుభవంలో గొడవంతా అక్కడే.

నాలుగైదేళ్ల క్రితం మా దగ్గరకు రెండో క్లాస్‌లో ఒక బాబు చేరాడు. తల్లిదండ్రులిద్దరూ గుంటూరు వాళ్లు, ఐటీ ఉద్యోగాలు. బాబు ఇంగ్లిష్ పుస్తకం ఇస్తే పేజీ గడగడా చదివేస్తాడు. వాళ్ల నాన్నగారు ఆ వీడియో కూడా చూపించారు. ఒకరోజు కథ చదివించి, "కుక్కపిల్ల ఎందుకు ఏడ్చింది నాన్నా?" అని అడిగాను. వాడు నా మొహం చూసి, మళ్లీ మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు. రెండోసారి అడిగితే మూడోసారి చదివాడు. కన్ను అక్షరం చూస్తోంది, నోరు పలుకుతోంది, మధ్యలో మనిషి లేడు. విచారిస్తే తెలిసింది, ఇంగ్లిష్ బాగా రావాలని ఇంట్లో రెండేళ్లుగా తెలుగు మానేశారు. వాళ్లు మాట్లాడే ఇంగ్లిషేమో "కమ్ ఈట్, గో స్లీప్, డోంట్ టచ్" దగ్గరే ఆగిపోయింది. పాపం ఆ పిల్లాడికి ఒక సంగతి మొదలెట్టి చివరిదాకా చెప్పడం ఏ భాషలోనూ అలవాటు కాలేదు. నేను చెప్పిన మందు ఒక్కటే. రాత్రిపూట అమ్మమ్మతో ఫోన్లో ఆ రోజు ఏం జరిగిందో తెలుగులో చెప్పించమన్నాను. సంక్రాంతి నాటికి వాడు క్లాసులో ఇంగ్లిష్‌లోనే, తప్పుల తడకగా, "డాగ్ మదర్ గాన్, సో క్రయింగ్" అన్నాడు. ఆ తప్పుల వాక్యానికి నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను.

అందుకే భాష పీరియడ్‌లో పాటలూ కబుర్లూ చూసి కంగారు పడకండి. ఈ వయసులో భాష నాలుగు పాయలుగా నడుస్తుంది: మాట్లాడటం, అక్షరాన్ని శబ్దంతో కలిపి మాటను కూడబలుక్కోవడం, చదివి అర్థం చేసుకోవడం, సొంతంగా రాయడం. క్యాట్, హ్యాట్, మ్యాట్ అని పాడించేది ఆ చివరి శబ్దం ఒకటేనని చెవికి తెలియడానికి. తెలుగులో "క" ఎక్కడున్నా "క"నే. ఇంగ్లిష్‌లో సీ అక్షరం క్యాట్‌లో ఒకలా, సిటీలో ఇంకోలా పలుకుతుంది. కాబట్టి తెలుగు గుణింతం మూడు నెలల్లో పట్టేసిన పిల్ల ఇంగ్లిష్‌కి ఏడాదిన్నర తీసుకుంటే అది మందబుద్ధి కాదు, ఆ భాష స్పెల్లింగు అలాంటిది.

రాత విషయంలో ఒక్కటి చెప్పాలి. చూచిరాత పది పేజీలు నిండి ఉండటం కన్నా, పాప తనంతట తాను రాసిన రెండు లైన్లు ఎక్కడైనా ఉన్నాయా అని వెతకండి. స్పెల్లింగులు తప్పైనా సరే. "ఐ వెంట్ టు లాల్‌బాగ్"లో వెంట్‌కి హెచ్ పెట్టి రాసినా, అది తన వాక్యం. అలాంటివి ఏడాదంతా ఒక్కటి కూడా లేకపోతే టీచర్ని అడగాల్సిందే.

ఇక లెక్కలు. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకటో క్లాస్ పిల్లలతో 1 నుంచి 100 దాకా రోజూ రాయించేదాన్ని. నోట్‌బుక్‌లు ముత్యాల్లా నిండేవి, పేరెంట్స్ మెచ్చుకునేవారు. ఒకరోజు ఒక పాప రాస్తుంటే వెనక నిలబడి చూశాను. ముందు 2, 2, 2 అని నిలువుగా పది గీసింది. తర్వాత పైకొచ్చి వాటి పక్కన 0, 1, 2, 3 అని 9 దాకా పేర్చింది. అయిపోయింది, 20 నుంచి 29. మధ్యలో ఎక్కడా ఇరవై మూడు అనే సంఖ్య ఆ పిల్ల మనసులోకి రాలేదు. అది అల్లిక పని చేసింది, లెక్క చేయలేదు. తరవాత క్లాసంతా చూస్తే సగంమంది అదే పద్ధతి. ఆరు నెలలు నేను నేర్పింది అది!

మీ పాప పూసలు ఇక్కడికే వస్తాయి. పది పూసలు ఒక దండ, పది ఐస్‌క్రీమ్ పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే ఒక కట్ట. 43 అంటే నాలుగు కట్టలూ మూడు విడి పుల్లలూ. ముందు చేతితో చేయడం, తర్వాత నోటితో చెప్పడం, తర్వాత బొమ్మ గీయడం, చివర్న అంకె వేయడం. 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళికలో ఈ వరుసే ఉంది: అనుభవం, మాట, బొమ్మ, గుర్తు. మన చిన్నప్పుడు నేరుగా నాలుగో మెట్టు మీద నిలబెట్టేవారు. కొందరం నిలబడ్డాం, చాలామంది జారిపడి "నాకు లెక్కలు రావు" అని జీవితాంతం చెప్పుకుంటున్నారు.

పుల్లల కట్టలు దాటేసిన పిల్లలు ఎలా దొరికిపోతారో చెప్తాను. నూట మూడు రాయమంటే 1003 రాస్తారు, వంద రాసి పక్కన మూడు పెట్టాం కదా అంటారు. 52 లోంచి 27 తీసేయమంటే 35 వేస్తారు. ఏడులోంచి రెండు తీస్తే అయిదు, అయిదులోంచి రెండు తీస్తే మూడు. పెద్దదానిలోంచి చిన్నది తీయాలని ఎవరో చెప్పారు, పాటించారు. ఇంట్లో చాలామంది దీనికి "పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని చెప్తారు. ఒకటి తెచ్చుకుంటే పది ఎలా అయిందో ఆ పిల్లకు మాయగా ఉంటుంది. ఒక కట్ట రబ్బరు బ్యాండు విప్పి చూపించండి. రెండు విడి పుల్లలు పన్నెండవుతాయి, అయిదు కట్టలు నాలుగవుతాయి. ఇక చెప్పాల్సిన పని ఉండదు.

దీంట్లో తెలుగు పిల్లలకు ఒక సౌకర్యం ఉంది, మనమే పాడుచేసుకుంటున్నాం. పదమూడు అంటే పది, మూడు అని చెవికే వినిపిస్తుంది. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని వరసగా సాగిపోతుంది. ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ దగ్గర పిల్లలు తడబడతారు, ఇలెవెన్, ట్వెల్వ్‌లలో పది ఎక్కడుందో వినపడదు. హిందీ పిల్లలు వంద దాకా దాదాపు ప్రతి సంఖ్యకూ ఒక్కో పేరు గుర్తుపెట్టుకోవాలి. ఇంత హాయైన లెక్క మన దగ్గర ఉండగా, బెంగళూరులో పెరుగుతున్న తెలుగు పిల్లలు "ముప్ఫై ఏడు అంటే ఎంత అమ్మా?" అని అడుగుతున్నారు. లిఫ్ట్ ఎక్కినప్పుడు అంతస్తులు తెలుగులో లెక్కపెట్టించండి, చాలు.

ఎక్కాల గురించి. నేను ఎక్కాలకు వ్యతిరేకిని కాదు. మూడు, నాలుగు తరగతులకు 10వ ఎక్కం దాకా నోటికి రావాలి, లేకపోతే భాగాహారంలో చచ్చేంత కష్టం. కానీ వరుస ముఖ్యం. మన పాత ఎక్కంలో "రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు" అంటాం. మూళ్ళు అంటే మూడు మూడుగా ఉన్న గుంపులు, అవి రెండున్నాయి. అర్థం ఆ మాటలోనే ఉంది. దాన్ని పాటలా లాగేస్తే అర్థం పోతుంది. మా మూడో క్లాస్‌లో ఒక బాబు ఏడెనిమిదులు అనగానే 56 అని తుపాకీలా పేల్చేవాడు. "ఏడు డబ్బాలున్నాయి, డబ్బాకి ఎనిమిది లడ్లు, మొత్తం ఎన్ని?" అని అడిగితే, "మిస్, కూడాలా, గుణించాలా?" అన్నాడు. మీ బావగారి అబ్బాయిని ఒకసారి ఇలాంటిదే అడిగి చూడండి. చెప్పగలిగితే వాడు నిజంగా ముందున్నాడు, సంతోషించండి. మీ పాపనూ అదే అడగండి, చిన్న అంకెలతో: నాలుగు ఆటోలు, ఒక్కో ఆటోలో ముగ్గురు. వేళ్ల మీద లెక్కపెట్టి 12 అంటే నాకు చాలు.

ఇంకో సంగతి, ఇది ఈ ఊళ్లో మరీ ఎక్కువ. డబ్బు పాఠం ఈమధ్య పిల్లలకు ఎక్కడం లేదు. ఎందుకంటే ఇంట్లో నోటు, చిల్లర చూసే పిల్లలు తగ్గిపోయారు. కూరల బండి దగ్గర కూడా నాన్న స్కాన్ చేస్తాడు, టింగ్‌మంటుంది, అయిపోయింది. ఇరవై ఇస్తే అయిదు ఎందుకు తిరిగిచ్చారో తెలిసే సందర్భమే రాదు. పది రూపాయల నోట్లు కొన్ని, రూపాయి బిళ్లలు కొన్ని ఇంట్లో ఉంచి అంగడి ఆట ఆడించండి. పదులు, ఒకట్లు వాటంతట అవే వస్తాయి. అష్టాచమ్మా, వామనగుంటలు కూడా దించండి అటక మీంచి. ఇక్కడి వాళ్లు చౌకాబారా, అళగుళి మణె అంటారు, పక్కింటి పిల్లలకూ వచ్చే ఉంటుంది.

పరిసరాల విజ్ఞానం రెండో క్లాస్‌లో మీ పాపకు పుస్తకంగా ఉండదని చెప్పాను. నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకునేది అందులోనే. కుటుంబం, తిండి, ఇల్లు, నీళ్లు, ప్రయాణం, మనం చేసే వస్తువులు, ఇలా తిరుగుతుంది అది. పేర్లు చూస్తే చప్పగా ఉంటాయి. క్లాసులో అలా ఉండదు.

నేను ప్రతి ఏడాదీ అడిగే ప్రశ్నే మిమ్మల్నీ అడగమన్నాను, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని. ఒకడు "ప్యూరిఫయర్‌లోంచి" అంటాడు. ఒకమ్మాయి "వాచ్‌మన్ అంకుల్ మోటర్ వేస్తే వస్తాయి" అంటుంది. ఇంకొకరు "ట్యాంకర్". ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరికి కనిపించినంత వాళ్లు చెప్పారు. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ వెనక్కి వెళ్తాం. ట్యాంకర్‌లోకి ఎక్కడివి? బోరులోంచి. బోరులోకి? వాన. మరి కావేరి నీళ్లంటారే అవి? దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, సుమారు 500 మీటర్ల ఎత్తుకి పంపులతో తోడి తెస్తారు ఈ ఊరికి. 500 మీటర్లంటే ఎంత? మన నాలుగంతస్తుల స్కూలు ఒకదాని మీద ఒకటి ఎన్ని పేర్చాలి? చూడండి, ఎప్పుడో లెక్కల్లోకి వచ్చేశాం. 2024 వేసవిలో ఊరంతా నీళ్లకు కటకటలాడినప్పుడు ఈ పాఠం నేను చెప్పలేదు, పిల్లలే చెప్పారు. ఎవరింట్లో రోజుకు ఎన్ని బకెట్లో లెక్కరాసుకొచ్చారు, బోర్డు మీద బకెట్ బొమ్మలు నిలువుగా పేర్చాం. గ్రాఫ్ అనే మాట వాడకుండానే గ్రాఫ్ గీశారు. బకెట్లు తక్కువున్న ఇంటి పాప, "మాకు నీళ్లు తక్కువ కాదు మిస్, మా ఇంట్లో మనుషులు తక్కువ" అంది. ఆ రోజు నేను ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

ఇందులో ఏది భాష, ఏది లెక్క, ఏది సైన్స్ అని విడదీయమంటే నావల్ల కాదు. టైంటేబుల్లో గళ్లు మన కోసం. ఈ వయసులో చూడటం, లెక్కించడం, చూసింది మాటల్లో పెట్టడం అనేవి అన్ని గళ్లలోనూ నడుస్తుంటాయి. ఆ బకెట్ల రోజు నోట్‌బుక్‌లో ఏముందంటారా? ఏమీ లేదు. తేదీ కూడా లేదు.

కుటుంబం పాఠంలోనూ మన పిల్లలకు ఒక సరదా ఉంది. ఇంగ్లిష్ పుస్తకంలో అంతా అంకులే. మనకు బాబాయి, పెదనాన్న, మేనమామ, మావయ్య. "అమ్మ తమ్ముడు నీకేమవుతాడు? నాన్న తమ్ముడు?" అని అడిగితే పిల్ల ఆలోచించాలి, అమ్మ వైపా నాన్న వైపా, పెద్దా చిన్నా అని. అది తర్కమే కదా. పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక కాగితం మీద అందరినీ గీయించండి.

కన్నడ గురించి మీరు రాసినదాంట్లో కొంచెం విసుగు కనిపించింది. కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం స్కూళ్లలో కన్నడ ఒక భాషగా నేర్పాలి, అది తప్పేది కాదు. నిజానికి మీ పాపకు ఇది అన్నిటికన్నా తేలికైన సబ్జెక్టు కావాలి. రెండు లిపులూ ఒకప్పుడు ఒకటే. తలకట్టు మనం టిక్కు పెట్టినట్టు పెడతాం, వాళ్లు అడ్డంగా పరిచి చివర మెలిపెడతారు. అంతమాత్రం గుర్తుంచుకుంటే చాలా అక్షరాలు మీరే పోల్చుకోగలరు. బస్సు బోర్డులు చదవడం మొదలుపెట్టండి, పాపతో పందెం వేసి. మాటల్లో ఒక కిటుకు ఉంది. మన "ప" చాలాచోట్ల వాళ్ల "హ". పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు, పండు హణ్ణు. మా తెలుగు పిల్లలకు ఈ ఆట చెప్తే వాళ్లంతట వాళ్లే కొత్త మాటలు కనిపెట్టేస్తారు, కొన్నిసార్లు లేనివి కూడా! ఇడ్లీకి "ప" లేదు కాబట్టి మార్చక్కర్లేదు అని తేల్చాడొకడు. ఊట అంటే ఇక్కడ భోజనం అని ముందే చెప్పండి, మా ఒకటో క్లాస్ పాప ఒకతె ఆయమ్మ "ఊట ఆయ్తా?" అంటే నీళ్ల ఊట కోసం వెతికింది.

ఒక జాగ్రత్త. రెండు లిపులు కలిసినట్టుండటం వల్ల, ఇంట్లో తెలుగు అక్షరాలు, స్కూల్లో కన్నడ అక్షరాలు ఒకే నెలలో మొదలుపెడితే కలగలిపి రాస్తారు. ఒకటి కాస్త కుదిరాక రెండోది పట్టుకోండి. తెలుగు రాత సెలవుల్లో నేర్పితే చాలు, తెలుగు మాట మాత్రం ఒక్కరోజు కూడా మానకండి.

బొమ్మలు, మట్టి, కత్తిరింపులు, ఆటలు. వీటి మీద పెద్దగా చెప్పను. పెన్సిల్ పట్టే వేళ్లకు బలం మట్టి పిసికితే వస్తుంది, అచ్చువేసిన బొమ్మలో రంగు నింపితే అంతగా రాదు. గేమ్స్ పీరియడ్ ఎగ్గొట్టి లెక్కలు చెప్పే స్కూల్ అయితే నాకు అనుమానం.

ఇప్పుడు రెండో వైపు. ఆటపాటల చదువు అని పేరు పెట్టుకుని ఏమీ చెప్పని స్కూళ్లు కూడా ఈ ఊళ్లో ఉన్నాయి. ఒకసారి అలాంటి చోటు నుంచి మూడో క్లాస్‌కి వచ్చిన బాబుకు మూడక్షరాల మాట చదవడం రాలేదు. ఫైల్ మాత్రం ఫొటోలతో నిండి ఉంది, ప్రతి ఫొటోలోనూ నవ్వుతున్నాడు. వాడు విడిగా ఎప్పుడైనా చదువుతుంటే పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చుని విన్న దాఖలా లేదు. ఆ ఏడాదంతా మధ్యాహ్నాలు వాడితో కూర్చున్నాం. వాళ్లమ్మగారు ముందే వచ్చి ఉంటే రెండో క్లాస్‌లోనే మార్చమని చెప్పేదాన్ని.

తేడా ఎలా తెలుస్తుందంటారా? పూసల ఆట చివర పిల్ల ఏం చెప్పిందన్నది చూడండి. "పూసలు ఆడాం" దగ్గర ఆగిపోతే అది ఆటే. "నాలుగు దండలు, మూడు పూసలు, కాబట్టి నలభై మూడు" దాకా వస్తే చదువు. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో నలి కలి అని ఒక పద్ధతి ఉంది, కార్డులతో, గుంపులుగా కూర్చుని నేర్చుకునేది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె టీచర్లు మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్‌కి వెళ్లి చూసొచ్చి మొదలుపెట్టారు. నేను స్టేట్ సిలబస్‌లో ఉన్నప్పుడు ఆ క్లాసులు చూశాను. అక్కడ ప్రతి పిల్లా ఏ మెట్టు మీద ఉందో గోడ మీద చార్టులో కనిపిస్తుంది. ఆట ఆడించేవాళ్లకు ఆ లెక్క ఉండాలి. లేకపోతే అది వట్టి కాలక్షేపం.

టీచర్‌తో ఆలస్యం చేయకుండా మాట్లాడాల్సిన సందర్భాలు కొన్ని చెప్తాను. రెండో క్లాస్ సగానికి కూడా అక్షరం చూసి శబ్దం చెప్పలేకపోవడం. బోర్డు మీదవి తప్పుగా ఎక్కించుకోవడం, అప్పుడు ముందు కళ్లు చూపించండి, మా దగ్గర ఏటా ఇద్దరు ముగ్గురికి అదే తేలుతుంది. పిలిస్తే పలకకపోవడం, చెవులు. బీ, డీ అక్షరాలు తారుమారు చేయడం ఆరేడేళ్లకు మామూలే. ఎనిమిది దాటినా అలాగే ఉండి, చదవడం కూడా బాగా వెనకబడితే నేర్చుకోవడంలో ఇబ్బంది పడే పిల్లలకు నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్‌కి చూపించండి. ఇంటర్నెట్‌లో చూసి పేరు పెట్టుకోకండి.

పేరెంట్-టీచర్ మీటింగ్‌లో "మా పాప ఎలా ఉంది?" అని అడగకండి. "చాలా మంచి పాప" అంటాం మేము, వెనక ఇరవైమంది నిలబడి ఉంటారు కాబట్టి. మా పాప చదువుతుంటే మీరు విడిగా చివరిసారి ఎప్పుడు విన్నారు, ఎక్కడ ఆగింది? అని అడగండి. సంఖ్యల్లో ఇప్పుడు ఏ మెట్టు మీద ఉంది, పుల్లలతోనా, బొమ్మతోనా, అంకెతోనా అని అడగండి. తెలిసిన టీచర్ డైరీ కూడా చూడకుండా చెప్పేస్తుంది. తెలియని టీచర్ పుస్తకంలో ఎన్నో పాఠం అయిందో చెప్తుంది. జవాబు రెండో రకంగా ఉండి, ఆదివారం నాటి మూడు ప్రశ్నలూ సరిగా సాగకపోతే, అప్పుడు వేరే స్కూళ్ల అప్లికేషన్ల సంగతి చూడండి. ఇక్కడ చాలా స్కూళ్లలో అడ్మిషన్ల హడావిడి ఏడాది చివర్లోనే మొదలైపోతుంది, ఆ లోపు దసరా సెలవుల తర్వాత మరోసారి టీచర్ని కలవడానికి మీకు టైమ్ ఉంది.